కొబ్బరినూనె తలకే రాయండి

ఎర్రగడ్డ ఆదివారం సంతలో మా అక్క రెండు పాత హ్యాండ్‌బ్యాగులు కొనుక్కొచ్చింది. ఒకటి మామూలు తోలుది, ఒకటి స్వెడ్‌ది. రెండిటికీ బూజే. అమ్మ వెంటనే కొబ్బరినూనె సీసా తీసింది.

వద్దమ్మా అన్నాను. నూనె రాస్తే నిగనిగలాడుతుంది, నిజమే. కానీ రంగు మచ్చలు మచ్చలుగా ముదురుతుంది, ఇక పోదు. బూజు బయట దులిపి (ఇంట్లో కాదు బాబూ!), బాగా పిండిన గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెడితే చాలు. ఎండలో పెడితే బిరుసెక్కి పగులుతుంది.

స్వెడ్ కూడా తోలే, కాకపోతే లోపలివైపు నూగు. దానికి నీళ్ళు తగలకూడదు. ఇన్ని నీతులు చెప్పే నేనే అదే తడిగుడ్డ దానిమీదా పెట్టేశా! మరక అలాగే ఉంది. మిగతాది పెన్సిల్ రబ్బరు, పాత టూత్‌బ్రష్షుతో బాగుపడింది. కొత్త రెగ్జిన్ బ్యాగు పొట్టు రేగితే ఈ అవకాశం కూడా ఉండదు.

అక్క మరక ఉన్నవైపు లోపలికి తిప్పి ఆఫీసుకి పట్టుకెళ్తోంది.