రెండో రోజు జ్వరానికి పేరెలా పెడతారు?

సంపాదకులకు,

‘జ్వరం ఒక్కసారిగా వచ్చి ఒళ్లు నొప్పులుంటే ఫ్లూ, మెల్లగా ముదిరి వాసన పోతే కరోనా’ అని మీ ఆరోగ్య పేజీలో రాశారు. ఇది తప్పు, ప్రమాదం కూడా. తొలి రెండు మూడు రోజులు జ్వరం, పొడిదగ్గు, గొంతునొప్పి, నీరసం రెండింట్లోనూ ఒకేలా ఉంటాయి. వాసన పోవడం 2020, 2021లలో ఎక్కువగా కనిపించింది. ఒమిక్రాన్ వచ్చాక బాగా తగ్గింది. వాసన తెలుస్తోంది కదా, కరోనా కాదులే అనుకుని తిరిగితే ఇంట్లో ముసలివాళ్ల గతేమిటి?

2021 మేలో జ్వర సర్వే పేరిట మా పిట్లంలోనూ ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగారు. లక్షణాలున్నవాళ్ల చేతిలో మందుల కిట్టు పెట్టి, విడిగా ఉండమన్నారు. అది ముందుజాగ్రత్త. ఏ జబ్బో తేల్చేది మాత్రం పరీక్షే. ర్యాపిడ్ పరీక్షలో నెగెటివ్ వచ్చినా లక్షణాలు తగ్గకపోతే ఆర్టీపీసీఆర్ చేయించాల్సిందే.

ఇంత పట్టుబట్టడం ఎందుకంటే, మందులు వేరు. ఫ్లూకిచ్చే ఒసెల్టామివిర్ లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది, కరోనా మీద పనిచేయదు. వాసన పోతుందో లేదో చూద్దామని కూర్చున్న మనిషి ఆ 48 గంటలూ పోగొట్టుకుంటాడు. గర్భిణులు, షుగరు, ఉబ్బసం ఉన్నవాళ్లు, అరవై దాటినవాళ్లు జ్వరం రాగానే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఈ మాట మీ వ్యాసంలో ఎక్కడా లేదు. వచ్చే సంచికలో అదే పేజీలో సవరణ వేయండి.

— ఒక పాఠకుడు, పిట్లం, కామారెడ్డి జిల్లా