పెద్దప్రేగు క్యాన్సరు: మన రోగులపై పరీక్ష యావశ్యకము

నాంపల్లి రైలుస్టేషనులో దిగి, కాగితముల సంచి చేతబట్టుకొని రెడ్‌హిల్సు త్రోవ నడచు జిల్లావాసులను చూడని నగరవాసి యుండడు. మెహదీ నవాజ్ జంగు పేర 1955లో వెలసిన క్యాన్సరు వైద్యశాలయే వారి గమ్యము. పెద్దప్రేగు క్యాన్సరునకు శస్త్రము చేయించుకొన్న ప్రతివాడును వైద్యు నడుగునది యొక్కటియే: వ్యాధి మరల వచ్చునా?

గడ్డ ప్రేగుగోడ లోతునకు పోయియు లింఫు గ్రంథులకు ప్రాకని రెండవ దశలో నీ ప్రశ్నకు బదులు చెప్పుట మిక్కిలి కష్టము. పలువురు శస్త్రముచేతనే స్వస్థులగుదురు; కొందఱికి వ్యాధి తిరుగబెట్టును. అందఱికిని కీమోథెరపీ యిచ్చిన, వృథాగా బాధపడువా రధికులు. ఎవరికిని ఇయ్యకున్న, కొందఱి ప్రాణములకే ముప్పు. పొలము తాకట్టుపెట్టి వైద్యము చేయించు కుటుంబమునకు ఈ నిర్ణయ మల్పమైనది కాదు.

ఈ భేదమును ముందుగ తెలుపగలవని శాస్త్రజ్ఞు లాశించుచున్నవానిలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ముఖ్యములు. ఇవి 22 న్యూక్లియోటైడుల పాటి చిన్న తునుకలు. జన్యువు పంపిన యాజ్ఞాపత్రమును పట్టుకొని మాంసకృత్తు తయారీ నడ్డగించును. 1993లో ఆంబ్రోస్, రవ్‌కన్ పండితులు వీనిని చిన్న పురుగునందు కనుగొనిరి. అందులకు 2024లో నోబెల్ బహుమానము లభించెను. మేరీలాండున 84 మంది గడ్డలను, హాంకాంగున 113 మంది గడ్డలను పరిశోధించి, మిర్-21 అధికముగ నున్నవారు త్వరగా మరణించుచున్నారని 2008లో ప్రకటించిరి.

మంచిదే. కాని మేరీలాండు, హాంకాంగు రోగులే మనకును కొలబద్దలా? ఇది వట్టి స్వదేశాభిమానపు ప్రశ్న కాదు. నాడు నాంపల్లిలో నుండి, పిమ్మట ఉప్పలునకు తరలిన డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నొస్టిక్స్ కేంద్రమున మురళీధరన్ బాష్యంగారి బృందము 2014లో నొక విశేషమును వెల్లడించెను. మనదేశమున చిన్నవయసువారికి వచ్చు ఈ జాతి క్యాన్సర్లలో పెక్కింట, గ్రంథములు ప్రధానమని చెప్పు వింట్ సంకేతమార్గము కానరాలేదట. వ్యాధి నడక వేఱైనచో, దాని భవిష్యత్తును తెలుపు గుర్తులును వేఱు కావచ్చును. పరదేశపు విత్తనమును తన చేనిలో వేసి చూడక ఊరంతటికి పంచు రైతు గలడా?

మిర్-21 పరీక్ష వైద్యప్రమాణముగ నింకను స్థిరపడలేదు. ఆబిడ్సు, నాంపల్లి వీథులలో పరీక్షాకేంద్రములకు కొదువలేదు. రేపెవరైన దీనిని జోస్యమువలె అమ్మజూపినచో ప్రజలు మోసపోరాదు.

మేము కోరునది స్వల్పము. మన వైద్యశాలలలో శస్త్రమైన ప్రతి గడ్డనుండి కొంతభాగమును రోగి సమ్మతితో భద్రపఱుపవలెను. ఆ రోగి యోగక్షేమములను కనీస మైదేండ్లు విచారింపవలెను. పిమ్మట మైక్రో ఆర్‌ఎన్‌ఏ కొలతలతో సరిచూడవలెను. ఇందులకు ప్రభుత్వము ధన మొసగవలెను. సత్రములు కట్టించిన ధర్మబుద్ధి గల శ్రీమంతులును చేయూత నియ్యవలెను. వైద్యశాలయు, ప్రయోగశాలయు మన నగరముననే యున్నవి. మన రోగి ప్రశ్నకు బదులు పరదేశమునుండి వచ్చువఱకు వేచియుండుట మనకు గౌరవము కాదు.