కుక్రీ దగ్గర ఒక సాయంత్రం



ఈసారి సెలవులో ఇంటికి పోయేముందు ఒక పని పడింది. మా ఆఫీసులో పనిచేసే డయ్యు అతను వాళ్ళమ్మకు ఇవ్వమని ఒక దుప్పటి, కొన్ని సామాన్లు నా చేతికిచ్చాడు. బొంబాయిలో దిగి వెరావల్ దాకా రైల్లో, అక్కడి నుంచి బస్సులో వెళ్ళాను. వెరావల్ రేవులో తెలుగు మాటలు వినబడి ఆగిపోయాను. శ్రీకాకుళం నుంచి వచ్చి బోట్ల మీద పనిచేసే మత్స్యకారులు! పొట్ట చేతపట్టుకొని తిరిగేది మనమొక్కళ్ళమే కాదు.

సామాన్లు ఇచ్చాక అతని తమ్ముడు బండి మీద సముద్రం ఒడ్డున ఉన్న చిన్న గుట్ట దగ్గరికి తీసుకెళ్ళాడు. పైన అద్దాల పెట్టెలో ఒక యుద్ధనౌక నమూనా ఉంది. అది ఐ.ఎన్.ఎస్. కుక్రీ స్మారకం. 1971 యుద్ధంలో డిసెంబర్ 9 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ వదిలిన టార్పెడో తగిలి, ఆ ఓడ అరేబియా సముద్రంలో నిమిషాల్లో మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు చనిపోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్ ఇంకొకరికి ఇచ్చి, తాను ఓడతోనే ఉండిపోయారని చెబుతారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు.

మొత్తం 194 ఇళ్ళు. ఎన్నో ఇళ్ళకు కబురు తప్ప మనిషి రాలేదు. ఆ కబురైనా చేరిందంటే ఎవరిది ఏ ఊరో, ఇంట్లో ఎవరున్నారో ముందే రాసిపెట్టి ఉండబట్టే కదా అనిపించింది.

అక్కడ నిలబడితే నాకు మన ఫైళ్ళు గుర్తొచ్చాయి. కిందటేడు మన క్యాంపు మనిషి ఒకాయన ఆస్పత్రిలో పడ్డాడు. ఫైల్లో ఉన్నది ఎప్పటిదో పాత నంబరు. వాళ్ళ ఊరి వాళ్ళను అడిగీ అడిగీ, ఆయన భార్యతో మాట్లాడేసరికి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజులూ ఆమె రోజూలాగే పొలం పనికి పోయిందట. తప్పు నాది కూడా. ఆ కాగితాలు చూసేది నేనే, ఏనాడూ అడగలేదు.

అందుకే ఒక మాట. ఈ శుక్రవారం మీరు ఇంటికి ఫోన్ చేసినప్పుడు రెండు నంబర్లు రాసుకోండి. ఒకటి ఇంటిది, ఒకటి పక్కింటివాళ్ళదో, బావమరిదిదో. వాటిని మీ ఆఫీసులో ఇచ్చి, ఫైల్లో ఎక్కించారో లేదో మీ కళ్ళతో చూసుకోండి. చదవడం రాకపోతే రూములో చదువుకున్న తమ్ముణ్ణి వెంట తీసుకెళ్ళండి. సిగ్గుపడే పని కాదు.

మా ఆఫీసులో అయితే నేనే ఉంటాను. వచ్చే వారం కలుద్దాం.