అమ్ముడయ్యేది పలుకుబడి కాదు

పదవీ విరమణ చేసిన ఐఏఎస్ అధికారి ఏదైనా కన్సల్టింగ్ సంస్థలో సలహాదారుగా చేరారంటే వినిపించే వ్యాఖ్య ఒక్కటే: పలుకుబడిని అమ్ముకుంటున్నారు. ముప్పై ఏళ్లు ఫైళ్ల మీద సంతకాలు పెట్టినవారికి ఇంకేం వచ్చునన్నది దాని వెనకున్న ధీమా. ఈ అభిప్రాయం అధికారులకు అన్యాయం చేస్తుందన్నది చిన్న సంగతి. అసలు ప్రమాదం ఎక్కడుందో అది కనబడనివ్వదు.

పలుకుబడి తొందరగా పాడైపోయే సరుకు. మంత్రి మారతారు, కార్యదర్శికి బదిలీ అవుతుంది, కింద పనిచేసినవారు కొత్త అధికారి మనసెరిగి నడుచుకోవడం మొదలుపెడతారు. పాత సారు వస్తే కుర్చీ వేస్తారు, కాఫీ తెప్పిస్తారు. ఫైలు మాత్రం కదపరు.

చివరిదాకా నిలిచేది ప్రక్రియ మీద పట్టు. ఒక కాంట్రాక్టరు బిల్లు ఆగిందనుకుందాం. బయటివారికి అది ‘ప్రభుత్వం డబ్బివ్వడం లేదు’ అన్న ఒక్క మాట. లోపల పనిచేసినవారు అడిగేవి వేరు: ఎం.బుక్‌లో కొలతలు ఎక్కించారా? చెక్ మెజర్‌మెంట్ అయిందా? బడ్జెట్ విడుదల ఉత్తర్వు వచ్చిందా? పే అండ్ అకౌంట్స్ ఆఫీసు ఏ అభ్యంతరం రాసి తిప్పి పంపింది? టెండరు విషయమూ అంతే. టర్నోవర్ అర్హత ఎంత పెడితే పోటీ పడేవారు తగ్గిపోతారో, మార్కులు వేసే పద్ధతిలో ఏ లొసుగు రేపు కాగ్ నివేదికకెక్కుతుందో వారికి తెలుసు. ఇది కష్టపడి నేర్చిన విద్య. దానికి డబ్బు తీసుకోవడంలో తప్పు లేదు.

ముప్పు ఉన్నదీ ఆ విద్యలోనే. పలుకుబడే సరుకనుకుంటే దానికి విరుగుడు కాలం. మన నిబంధనలు ఆ లెక్క మీదే నడుస్తున్నాయి. అఖిల భారత సర్వీసుల అధికారి రిటైరైన ఏడాదిలోపు ప్రైవేటు కొలువులో చేరాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఒకప్పుడు ఈ గడువు రెండేళ్లు. ఉద్యోగంలో ఉండగా తెలిసిన విషయాలతో సొంతంగా కన్సల్టెన్సీ పెట్టుకున్నా ఇదే నియమం. అంటే సమస్య తెలిసిన విషయాలతోనని నిబంధన రాసినవారు గ్రహించారు. అయినా ఆ జాగ్రత్తను ఏడాదితో సరిపెట్టారు.

తెలిసినది ఏడాదిలో చెరిగిపోదు. శంషాబాద్ విమానాశ్రయానికి 2004లో కుదిరిన ఒప్పందం 30 ఏళ్లది, దాన్ని 2022లో మరో 30 ఏళ్లు పొడిగించారు. హైదరాబాద్ మెట్రోకు 2010లో రాసుకున్నది 35 ఏళ్లకు. ఇలాంటి ఒప్పందం షరతులు రాసిన అధికారికి ప్రభుత్వం ఎక్కడ పట్టు సడలించిందో పన్నెండు నెలల తర్వాతా తెలుసు, పన్నెండేళ్ల తర్వాతా తెలుసు. మరోవైపు పశుసంవర్ధక శాఖలో రిటైరైనవారు బ్యాంకు సాఫ్ట్‌వేర్ సంస్థలో చేరాలన్నా అదే ఏడాది, అదే దరఖాస్తు.

అమెరికా ఫెడరల్ చట్టం ఈ ముడిని కొంత విప్పింది. అధికారి తాను స్వయంగా, గణనీయంగా పాల్గొన్న నిర్దిష్ట వ్యవహారంలో ఇతరుల తరఫున ప్రభుత్వం ముందు వాదించడాన్ని అది శాశ్వతంగా నిషేధించింది. తెరవెనక సలహాకు మాత్రం దారి వదిలేసింది.

మన నిబంధన ఆ దారినీ మూయాలి. తాను రాసిన ఒప్పందంలో, తాను ఖరారు చేసిన టెండరులో ఎదుటి పక్షానికి పనిచేయడం ఎప్పటికీ కుదరదని స్పష్టంగా చెప్పాలి. వాటితో సంబంధం లేని కొలువుకు ఏడాది నిరీక్షణ అనవసరం, దాన్ని ఎత్తివేయాలి.