కారు స్నానం

మన మిషిగన్‌లో మంచు కరిగాక కార్లకు స్నానాలు మొదలు. రోడ్ల మీద చల్లిన ఉప్పు కారు అడుగున పేరుకుంటుంది, తుప్పు పట్టేది అక్కడే. కనుక ముందు అడుగుభాగాన్ని నీటిధారతో కడగండి. పైన కారు షాంపూ చాలు. గిన్నెలు తోమే సబ్బు వాడితే మురికితో పాటు మైనం పూతా పోతుంది. గుడ్డ జాడించటానికి వేరే బకెట్ పెట్టుకోండి, లేకపోతే ఆ ఇసుకే మళ్ళీ రంగును గీరుతుంది.

అసలు మేము చెప్పదలచింది చక్రాల సంగతి. బ్రేకుల మసి వదిలిస్తామని అమ్మే సీసాల్లో కొన్నింటిలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమో, అమ్మోనియం బైఫ్లోరైడో ఉంటుంది. పళ్ళపేస్టులో ఉండే ఫ్లోరైడే కదా అనుకోకండి! పలచనిది చేతికి తగిలితే అప్పటికప్పుడు మంట తెలియకపోవచ్చు. గంటలు గడిచాక, ఒక్కోసారి మర్నాటికి, వేళ్ళు భరించలేనంత నొప్పి పెడతాయి. పైకి చూస్తే పెద్దగా ఏమీ కనబడదు. ఫ్లోరైడ్ లోపలికి దిగి ఒంట్లోని కాల్షియాన్ని కట్టిపడేస్తుంది. ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. తగిలిన వెంటనే కుళాయి కింద బాగా కడిగి ఆస్పత్రికి వెళ్ళండి. కాల్షియం గ్లూకొనేట్ జెల్ రాస్తారు. సీసా వెంట తీసుకువెళ్ళండి, అడగకపోయినా చూపించండి.

చక్రాలకూ షాంపూ, మెత్తని బ్రష్షు సరిపోతాయి. కాస్త ఎక్కువసేపు రుద్దాలి, అంతే. పిల్లల చేత కారు కడిగించే ఇళ్ళలో ఆ సీసా గరాజులోనే ఉండకూడదని మా అభిప్రాయం.