ఈ క్షమాభిక్ష ఎవరికి?

"వాడికి శిక్ష పడింది కదా మేడమ్!" అన్నాడు ఒక విద్యార్థి. మా ఎం.ఏ. పిల్లలతో కలిసి 'ద డర్టీ డజన్' చూసి బయటికొస్తున్నాం. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అప్పట్నుంచీ ఆ మాట నన్ను తొలుస్తూనే ఉంది.

రాబర్ట్ ఆల్డ్రిచ్ 1967లో తీసిన ఈ సినిమా కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1944. అమెరికన్ సైనిక జైలులో పన్నెండుమంది ఖైదీలు. కొందరికి ఉరి, మిగిలినవాళ్ళకి ఏళ్ళ తరబడి శిక్షలు. మేజర్ రీస్‌మన్ వాళ్ళకి శిక్షణనిచ్చి, ఫ్రాన్స్‌లో జర్మన్ అధికారులు విడిది చేసిన ఒక భవంతి మీదికి తీసుకెళ్తాడు. బతికొస్తే శిక్ష తప్పుతుందని ఆశ. ఎవరికీ పనికిరాని మనుషులు ఒక జట్టుగా మారుతుంటే చూడ్డం నాకూ సరదాగానే ఉంటుంది, అబద్ధమెందుకు? చిన్నప్పుడు మా అన్నయ్యల మధ్య కూర్చుని ఇలాంటి సినిమాలకి చప్పట్లు కొట్టినదాన్నే.

ఆ పన్నెండుమందిలో మాగాట్ ఒకడు. ఒక స్త్రీ మీద అత్యాచారం, హత్య చేసి ఉరిశిక్ష పడినవాడు. నోరు తెరిస్తే దేవుడి మాటే. మిగతా ముఖ్యుల నేరాలకి సినిమా ఏదో ఒక సంజాయిషీ వెతికిపెడుతుంది. వీడికి అదీ లేదు. అయినా జట్టులో చోటు దొరికింది. భవంతిలో ఒక జర్మన్ స్త్రీ వాడి కంటపడుతుంది. కత్తి చూపించి ఆమె చేత కేక పెట్టించి, చంపుతాడు. పథకం బయటపడుతుంది. జెఫర్సన్ వాణ్ణి కాల్చేస్తాడు. మా విద్యార్థి చెప్పిన శిక్ష ఇదే.

దేనికి శిక్ష? ఆమెను చంపినందుకా, పని చెడగొట్టినందుకా? ఆ వెంటనే జరిగేది చూడండి. అధికారులూ, వాళ్ళ వెంట ఉన్న స్త్రీలూ నేలమాళిగలోకి పరుగెత్తితే, మన 'మంచి' ఖైదీలు తలుపులు మూసి, గాలి గొట్టాల గుండా గ్రెనేడ్లు వేసి, పెట్రోలు పోస్తారు. ఆ స్త్రీలెవరో, అక్కడికెందుకొచ్చారో ఎవరికీ పట్టదు. వియత్నాం మీద నాపామ్ కురుస్తున్న ఏడాదిలో వచ్చిన ఈ దృశ్యాన్ని యుద్ధంపై విమర్శగా చదివినవాళ్ళున్నారు. కావచ్చు. మరి శిక్షణ ముగిసినందుకు బహుమతిగా మేజర్ వేశ్యల్ని శిబిరానికి తెప్పించడం దేని మీద విమర్శ? అక్కడ మనం నవ్వాలి.

ఇంకొకటి. 1944-45లో ఫ్రాన్స్‌లో అత్యాచార నేరానికి అమెరికన్ సైన్యం ఉరితీసినవాళ్ళలో అత్యధికులు నల్లజాతి సైనికులని చరిత్రకారిణి మేరీ లూయిస్ రాబర్ట్స్ 2013లో వెలువడిన 'వాట్ సోల్జర్స్ డు'లో రాసింది. సినిమాలో ఉరికంబం నుంచి దిగివచ్చిన అత్యాచారి తెల్లవాడు.

ఈ కథల్లో ఎవరికి క్షమ లేదో తెలియాలంటే 1961 నాటి 'ద గన్స్ ఆఫ్ నవరోన్' చూడాలి. అలిస్టర్ మెక్లీన్ నవలలో కమాండోలకి సాయపడే ఇద్దరు గ్రీకులూ పురుషులే. వాళ్ళలో ఒకడు ద్రోహి. సినిమావాళ్ళు ఆ ఇద్దర్నీ స్త్రీలుగా మార్చారు. మంచిదే అనుకుంటాం. ద్రోహం మాత్రం అలాగే ఉంచి ఆనా చేతిలో పెట్టారు. చిత్రహింసలకి మాట పడిపోయిందని అందరూ నమ్మిన ఆనా వీపు మీద దెబ్బల గుర్తులు లేవు. బట్ట చించి చూసి మరీ తేల్చుకుంటారు మగవాళ్ళు! నిజానికి హింస పెడతారన్న భయంతోనే ఆమె లొంగిపోయింది. మల్లరీ కాల్చబోతుంటే, అంతకన్నా ముందు మరియా కాల్చేస్తుంది. స్త్రీని చంపిన పాపం కూడా స్త్రీకే అంటగట్టారు. హత్య చేసిన మగవాడికి రెండో అవకాశం. భయపడిన ఆడదానికి తూటా.

నిజంగా శత్రువుల మధ్య పనిచేసిన ఒక స్త్రీ సంగతి చెప్తాను. నూర్ ఇనాయత్ ఖాన్ టిప్పు సుల్తాన్ వంశీకురాలు, బరోడా నుంచి వెళ్ళిన సూఫీ సంగీతకారుడి కూతురు. పిల్లల కోసం జాతక కథలు రాసింది. శిక్షణలో ఉత్తుత్తి విచారణకే వణికిపోయింది. ఈ పనికి తగదన్నవాళ్ళున్నారు. అయినా బ్రిటిష్ రహస్య విభాగం 1943 జూన్‌లో ఆమెను వైర్‌లెస్ ఆపరేటర్‌గా ఫ్రాన్స్ పంపింది. తోటివాళ్ళు వరసగా పట్టుబడుతున్నా, తిరిగి రమ్మన్నా రాలేదు. అక్టోబరులో పట్టుబడింది. పంపిన సందేశాల నకళ్ళు నోటుపుస్తకంలో దాచుకోవడం ఆమె చేసిన పెద్ద పొరపాటు. అవి జర్మన్ల చేతికి చిక్కాయి, మరికొందరు ఏజెంట్లు బలయ్యారు. 1944 సెప్టెంబరు 13న డాఖౌలో ఆమెను చంపేశారు.

భయం, మొండితనం, ఘోరమైన పొరపాటు, ధైర్యం, అన్నీ ఒకే మనిషిలో. ఇంతకన్నా 'తగని' కమాండో ఎవరుంటారు? పొరపాటు చేసిన మగవాళ్ళ మీద పన్నెండుమందికి సరిపడా సానుభూతి చూపించిన ఆ నాటి హాలీవుడ్‌కి ఈమె కనబడలేదు. ఆమె ఒక ముఖ్యపాత్రగా 2019లో వచ్చిన 'ఎ కాల్ టు స్పై'ని తీసిందీ రాసిందీ స్త్రీలే.

'డర్టీ డజన్' చివర్లో, చనిపోయిన ఖైదీలు విధి నిర్వహణలో ప్రాణాలు కోల్పోయారని వాళ్ళ కుటుంబాలకు తెలియజేస్తామంటారు. అంటే మాగాట్ ఇంటికీ ఆ కబురు వెళ్ళాలి. ఉరిశిక్షకి కారణమైన ఆ మొదటి స్త్రీ ఇంటికి ఏమని కబురు వెళ్ళింది? సోమవారం క్లాసులో ఆ కుర్రాణ్ణి ఇదే అడుగుతాను.