దమ్ తెలిసిన ఇంట బ్రౌనీ

తడ పక్కనే ఉన్న శ్రీసిటీలో 2016వ సంవత్సరమున మాండలీజ్ సంస్థ చాక్లెట్ కర్మాగారము ప్రారంభమైనది. ఏలూరు ప్రాంతమున కొబ్బరితోటల నీడన కోకో పండుచున్నది. ఇంత చేరువనున్న చాక్లెట్టు మన వంటింటి గడప మాత్రము దాటలేదు. బ్రౌనీ అనగా చెన్నై బేకరీ అద్దాల వెనుకనుండు ధనికుల తిండి యని మనవారి భావన. 1893లో చికాగో ప్రదర్శనకు వెళ్లు స్త్రీల ఫలహారపు పెట్టెలకై పామర్ హౌస్ హోటలులో దీనిని చేసిరని చెప్పుదురు. పుట్టుకతో ఇది చేతబట్టి తిను చిరుతిండియే.

“ఓవెన్ లేదు గదా సార్!” అని విద్యార్థులందురు. దేగిసా మూతకు పిండి అతికి, పైన నిప్పులు పోసి బిరియానీకి దమ్ పట్టించు ఇండ్లలో ఈ మాట వినుట నాకు విచిత్రము. మూసిన పాత్రలో అన్నివైపుల వేడి తగులుటయే గదా ఓవెన్ పని! మందపాటి దేగిసాలో అంగుళము మందమున కడిగి ఆరబెట్టిన ఇసుక పరచి, స్టాండు నుంచి, మూతపెట్టి పది నిమిషములు వేడిచేసిన చాలును.

నూరు గ్రాముల వెన్న, అంతే నల్ల చాక్లెట్టు వేడినీటి గిన్నెపై కరిగించి, నూటయేబది గ్రాముల చక్కెర కలుపవలెను. చల్లారిన పిమ్మట రెండు గ్రుడ్లు, అరువది గ్రాముల మైదా, రెండు చెంచాల కోకో, చిటికెడు ఉప్పు. సోడా వలదు, పొంగినచో అది కేకగును. మైదా తక్కువ, వెన్న ఎక్కువ యగుటచేతనే హల్వావలె మెత్తదనము వచ్చును. నూనె రాసిన పళ్లెములో పోసి, సన్నని సెగపై నలుబది నిమిషములు. ముప్పదవ నిమిషము నుండియే పుల్ల గ్రుచ్చి చూడవలెను; దానికి కొంచెము తడిపొడి అంటుచుండగనే దింపవలెను. మొదటిసారి నేను పుల్ల శుభ్రముగా వచ్చువరకు ఆగితిని. ఆ ఇటుకను మా అమ్మగారు చాయ్‌లో నానవేసుకొని, నన్నేమియు అనక తినిరి.

ఈదునాడు షీర్ ఖుర్మాకై తెల్లవారకమునుపే లేచువారు తల్లులు, అక్కచెల్లెండ్రు. మగపిల్లలు నమాజు నుండి వచ్చి గిన్నె చాపుదురు. ఇది నాకెన్నడును సమ్మతము కాదు. షీర్ ఖుర్మా వండిన కుర్రవానిని అమ్మ చేతి రుచితో పోల్చి నవ్వుదురేమో. బ్రౌనీకి మన ఇండ్లలో అట్టి కొలమానము లేదు. కావున అబ్బాయిలు సిగ్గుపడక దీనితో ఆరంభింపవచ్చును.

ఈ వార్షికోత్సవమునకు మిఠాయి కొనుటకు మారుగా ఆ పని వారికే అప్పగింపవలసినదిగా కమిటీ పెద్దలకు నా మనవి. ఒక గ్యాసు పొయ్యి, రెండు దేగిసాలు ఇప్పించిన చాలును; ఇసుకకు కాళంగి ఉన్నది.